ప్రాచీన రోమనుల సాంఘిక వర్గములు

క్రీ. పూ. 304వ సంవత్సరమున రోము నగరములో ఒక గుమాస్తా అధికారపీఠ మెక్కెను. అతని పేరు నీయస్ ఫ్లేవియస్. తండ్రి ఒకప్పుడు బానిస. విముక్తి పొంది పౌరుడైనవాడు. కుమారుడు చదువు నేర్చి నగరాధికారుల కచేరీలో లేఖకుడుగా కుదురుకొనెను. ఆ యేట ఈడైలు అను నగరాధికారి పదవికి ఎన్నిక జరుగగా జనులు అతనికే వోట్లు వేసిరి. కాని ఎన్నిక నడిపించుచున్న పెద్ద, జీతము పుచ్చుకొని దస్తరము వ్రాయువాని పేరు స్వీకరించుటకు వీలులేదనెను. అంతట ఫ్లేవియస్ చేతిలోని వ్రాతపలకను క్రింద పెట్టి, ఇకమీదట ఆ వృత్తి చేయనని ప్రమాణము చేసి, పదవిని గైకొనెను.

ఈ వార్త విని పెద్ద కుటుంబముల వారు అనేకులు దుఃఖసూచకముగా తమ వ్రేళ్లకున్న బంగారు ఉంగరములను తీసివేసిరని చరిత్రకారుడు లివీ వ్రాసినాడు. ఇంకొక ముచ్చటయు నతడు చెప్పును. ఫ్లేవియస్ ఒకనాడు జబ్బుపడిన తన సహాధికారిని చూడబోయెను. అచ్చట కూర్చుండియున్న కులీన యువకులు, వచ్చినవాడు అధికారియైనను, ఒక్కరును లేచి నిలువలేదు. ఫ్లేవియస్ మారుమాట యాడక, తన అధికారపీఠమును ఇంటినుండి తెప్పించి, ఆ గదిలోనే వేయించి, దానిపై కూర్చుండెను. లేవనివారు కన్నులార చూడవలసివచ్చెను.

ఇంతటి కోపమునకు కారణము అతని పుట్టుక యొక్కటే కాదు. అంతవరకు ఏ దినమున న్యాయస్థానము తెరువబడునో, ఏ దినమున తెరువబడదో, వ్యాజ్యము వేయుటకు ఏ మాటలు పలుకవలెనో పురోహితవర్గమునకు మాత్రమే తెలిసియుండెను. ఆ మాటలలో ఒక్కటి తప్పినను వ్యాజ్యము పోయెడిది. సామాన్యుడు తన సొంత పొలముకొరకు కోర్టుకెక్కవలెనన్నను మంచిరోజు ఏదని పెద్దల గడప త్రొక్కవలసివచ్చెడిది. ఫ్లేవియస్ ఆ వ్యవహారసూత్రముల నన్నిటిని బయటపెట్టి, దినములపట్టికను తెల్లని పలకలపై వ్రాయించి నగరమధ్యమున గల ఫోరమునందు అందరికి కనబడునట్లు నిలిపెను. చాల తిరుగుబాట్లు సాధింపలేని పనిని ఒక గుమాస్తా పలక సాధించెను.

రోమనుల వర్గముల చరిత్ర అంతయు ఒకవిధముగా దస్తరముల చరిత్రయే. ఎవని పేరు ఏ పట్టికలో నున్నది, ఆ పట్టిక ఎవరి చేతిలో నున్నది అను రెండు ప్రశ్నలకు సమాధానము తెలిసినచో, ఆ మనిషి ఎచ్చట కూర్చుండవలెనో, ఎవరికి వోటు వేయగలడో, నేరము చేసినచో దెబ్బలు తినునో తినడో తెలియును. పుట్టుక, ధనము, స్వేచ్ఛ అను మూడును ఆ పట్టికలలో నమోదు కావలసినవే.

పుట్టుకను గూర్చిన పట్టిక అన్నిటికంటె పాతది. క్రీ. పూ. 509లో రాజులను వెడలగొట్టి రోమనులు గణరాజ్యము స్థాపించుకొనిరని వారి సంప్రదాయము. ఆ రాజ్యమునందు అధికారమంతయు కొన్ని వంశముల చేతిలో నుండెను. వారు పెట్రీషియనులు, తండ్రులు అను అర్థము గల పదమునుండి వచ్చిన పేరది. తక్కిన పౌరులందరు ప్లెబియనులు. ప్లెబియనులనగా బీదలనియే చాలమంది తలతురు. అది సరికాదు. వారిలో ధనికులును, పొలము పుట్ర గలవారును ఉండిరి. ధనమున్నను కాన్సలు పదవి లేదు, పౌరోహిత్యము లేదు, పెట్రీషియను ఇంటి పిల్లతో పెండ్లి లేదు. ఇక బీద ప్లెబియనునకు అప్పు ప్రాణాంతకముగా నుండెడిది. అప్పు తీర్చలేనివాడు ఋణదాత ఇంట కట్టుబానిసవలె పడియుండవలెను. యుద్ధమునకు పోయి దేశమును కాపాడి తిరిగివచ్చునప్పటికి పొలము బీడుపడి, వడ్డీ పెరిగి, సంకెల సిద్ధముగా నుండెడిది.

క్రీ. పూ. 494లో ప్లెబియను సైనికులు ఊరు విడిచి, పవిత్రపర్వతమను గుట్టకు పోయి కూర్చుండిరి. కత్తి ఎత్తలేదు; పని మానివేసిరి. వారిని మరలించుటకు మెనీనియస్ అగ్రిప్ప అనువాడు పోయి ఒక కథ చెప్పెనట. కాళ్లు, చేతులు, నోరు కలిసి పొట్టపై అలిగి, అది ఊరక కూర్చుండి తినుచున్నదని అన్నము పెట్టుట మానినవి. కొలదినములలో పొట్టతోపాటు తామును శుష్కించినవి. ఈ కథను చెప్పి అగ్రిప్ప చాతుర్యమును మెచ్చుకొనుట వాడుక. కాని ప్లెబియనులు కథకు మెచ్చి ఇంటికి పోలేదన్న సంగతిని మరువరాదు. తమకు ట్రిబ్యూనులను ప్రతినిధులు కావలెనని, వారి శరీరమును ముట్టినవాడు శాపగ్రస్తుడు కావలెనని, ఏ అధికారి యాజ్ఞనైనను వారు అడ్డుకొనగలుగవలెనని ఒడంబడిక చేయించుకొన్న పిమ్మటనే గుట్ట దిగిరి.

తరువాత వారు కోరినది ధనము కాదు, భూమి కాదు; చట్టము వ్రాతలో పెట్టుమనిరి. క్రీ. పూ. 451–450లో పన్నెండు ఫలకముల శాసనము వెలువడెను. అందు ఒక పెట్రీషియను–ప్లెబియను వివాహము చెల్లదను నిబంధన ఉండుట విచిత్రము. అంతకుమున్ను ఆచారముగా నున్న గోడ వ్రాతలోనికి ఎక్కినంతనే కంటికి కనబడెను. కనబడినంతనే దానిని పడగొట్టుట సులభమాయెను. క్రీ. పూ. 445లో కాన్యులియస్ అను ట్రిబ్యూను దానిని రద్దు చేయించెను. 367లో ఇద్దరు కాన్సలులలో ఒకడు ప్లెబియనుడు కావచ్చునను శాసనమువచ్చి, మరుసటి యేడు లూషియస్ సెక్స్టియస్ ఆ పదవి పొందెను. 326లో అప్పునకు మనిషిని కట్టివేయుట మానిరి. 287లో హార్టెన్షియస్ శాసనముచే ప్లెబియను సభ చేసిన తీర్మానము పౌరులందరికిని చట్టమాయెను. ఇట్లు రెండు శతాబ్దములకు పైగా సాగిన ఈ పోరాటము దేశమును రెండుగా చీల్చకుండ ముగియుట లోకచరిత్రలో అరుదైన సంగతి.

ఈ వృత్తాంతము చదువునప్పుడు భారతీయ పాఠకునకు మన వర్ణవ్యవస్థ జ్ఞప్తికి వచ్చుట సహజము. పోలిక కొంతదూరమే నడచును. పెట్రీషియనులు పౌరోహిత్యమును, పుట్టుకను పట్టుకొని యుండిరన్నంతవరకు సరి. కాని అటు పురోహితుడును, సేనానియు, న్యాయాధిపతియు ఒకే మనిషి కావచ్చును. వృత్తినిబట్టి వంశము లేదు. పెండ్లి నిషేధమో, శాసనరూపమున అయిదారేండ్లకంటె నిలువలేదు.

గెలిచిన ప్లెబియనులలో ఫలము దక్కినది ఎవరికి? ధనవంతులైన కొన్ని కుటుంబములకు. వారు పాత పెట్రీషియనులతో వియ్యమంది, కలిసి క్రొత్త కులీనవర్గమైరి. ఎవని పూర్వులలో కాన్సలు ఉండెనో వాడు కులీనుడు. ఎవని వంశమున మున్నెవ్వరును ఉన్నతపదవి యెరుగరో వాడు పదవికి వచ్చినచో ‘క్రొత్త మనిషి’ యని పిలువబడెడివాడు. మహావక్త సిసిరో క్రీ. పూ. 63లో కాన్సలైనను జీవితాంతము ఆ పిలుపు వినుచునే యుండెను. ఒక్కొక్కసారి తానే దానిని గర్వముగా చెప్పుకొనుటయు కద్దు.

ఇక రెండవ పట్టిక ధనమును గూర్చినది. సాధారణముగా అయిదేండ్ల కొకసారి సెన్సారులను ఇరువురు అధికారులు పౌరుల లెక్క తీసెడివారు. ప్రతి గృహస్థుడును వారియెదుట తన పేరు, తండ్రి పేరు, తెగ, వయస్సు, ఆస్తి ప్రమాణపూర్వకముగా చెప్పవలెను. ఆ లెక్కనుబట్టి పౌరులు అయిదు తరగతులుగా విభజింపబడిరి. లివీ ఇచ్చిన అంకెల ప్రకారము లక్ష ఆసుల ఆస్తి గలవాడు మొదటి తరగతి. పదునొకండు వేలు గలవాడు అయిదవ తరగతి. అంతకంటె తక్కువ గలవారిని ఆస్తితో కాక తలతో లెక్కించిరి. వారికి ప్రొలెటారియులని పేరు. దేశమునకు సంతానము తప్ప మరేమియు ఈయలేనివారని దాని భావము. రెండువేల సంవత్సరముల తరువాత ఐరోపాలో కర్మాగారపు కూలివాని కీ పేరు పెట్టి రాజకీయములు నడిపినవారు ఈ పాత దస్తరమునుండియే దానిని తీసికొనిరి.

తరగతులకు తగినట్లు వోట్ల లెక్క. పెద్ద సభలో మొత్తము 193 శతవర్గములు. ఒక్కొక్క శతవర్గమునకు ఒక్కొక్క వోటు. గుఱ్ఱపు రౌతులకు 18, మొదటి తరగతికి 80. ఈ రెండును కలిసినచో 98, అనగా సగమునకు పైన. తలలెక్క వారందరికి కలిపి ఒక్కటి! పిలుపు పైనుండి మొదలై, ఆధిక్యము తేలగానే నిలిచిపోయెడిది. మొదటి పాతిక సంవత్సరముల యుద్ధములలో చేతులు పోగొట్టుకొన్న బీదవాడు సభకు వచ్చి, ఎండలో నిలుచుండి, తన వంతు రాకయే ఇంటికి పోవుట మామూలు. క్రీ. పూ. మూడవ శతాబ్దమున ఈ ఏర్పాటును కొంత సవరించినను ధనవంతుని మొగ్గు పోలేదు.

లెక్క తీయువారికి గుణదోషములు నిర్ణయించు అధికారముకూడ ఉండెను. క్రీ. పూ. 184లో సెన్సారైన కేటో, మానీలియస్ అను సెనేటు సభ్యుని పేరు పట్టికనుండి కొట్టివేసెను. పట్టపగలు కూతురు చూచుచుండగా భార్యను ముద్దుపెట్టుకొనుట అతని నేరము. కలము పట్టినవాని చాదస్తము ఎంతదూరము పోగలదో చూపుటకు ఈ ఒక్కటి చాలును.

సెనేటు వారు భూమినే నమ్ముకొనవలెనని, వ్యాపారము వారి గౌరవమునకు తగదని ఎంచిరి. క్రీ. పూ. 218 నాటి శాసనము, సెనేటు సభ్యుడు గాని అతని కుమారుడు గాని మూడువందల జాడీలకంటె ఎక్కువ సరకు పట్టు ఓడను ఉంచుకొనరాదని కట్టడి చేసెను. ఆ ఖాళీ జాగాలో అశ్వికశ్రేణి పెరిగెను. పూర్వము సొంత ధనముతో గుఱ్ఱమును పోషించి యుద్ధమునకు పోవగలవారే అశ్వికులు. తరువాత ఆ పేరు నిలిచి, గుఱ్ఱము మాయమై, నాలుగులక్షల సెస్టెర్సుల ఆస్తి మాత్రము అర్హతగా మిగిలెను. వంతెనలు, సైన్యమునకు కావలసిన సరఫరాలు, గనులు, రాష్ట్రముల పన్నువసూలు అన్నియు వీరి గుత్తకే పోయెడివి. ప్రభుత్వమునకు ముందుగా కొంత మొత్తము చెల్లించి, ఆపైన ప్రజలనుండి ఎంత పిండుకొన్నను తమదే. ఆసియా రాష్ట్రమున రోము పేరు చెడుటకు కత్తికంటె ఈ గుత్తయే ఎక్కువ కారణము.

ఎవడు ఏ వర్గమువాడో బట్టలనుబట్టియే తెలిసెడిది. సెనేటు సభ్యుని అంగీకి వెడల్పైన ఊదా చార, అశ్వికునకు సన్నని చార, వ్రేలికి బంగారు ఉంగరము. నాటకశాలలో సెనేటు వారికి అన్నిటికంటె ముందు చోటు. క్రీ. పూ. 67లో రోషియస్ ఓథో అను ట్రిబ్యూను తరువాతి పదునాలుగు వరుసలను అశ్వికులకు కేటాయించెను. నాలుగేండ్ల పిమ్మట అతడే నాటకము చూడ వచ్చినప్పుడు వెనుక వరుసలవారు ఈలలు వేయగా, ముందు వరుసలవారు చప్పట్లు కొట్టిరి. గొడవ ముదురగా సిసిరో వచ్చి జనమును బయటికి పిలిచి మందలింపవలసివచ్చెను. రాజ్యము నిచ్చినను ఇచ్చెదరు గాని ముందువరుస కుర్చీ ఈయరన్న మాట రోమునందును చెల్లును.

క్రింది తరగతుల బ్రతుకు మరొక దారిలో నడచెను. పెద్ద పెద్ద కమతములలో బానిసలచే సేద్యము చేయించుటతో చిన్నరైతు పట్నము చేరెను. భూమి పంచవలెనన్న గ్రాకస్ సోదరులు, పెద్దవాడు క్రీ. పూ. 133లోను చిన్నవాడు 121లోను, ప్రాణములు కోల్పోయిరి. 107లో మారియస్ తలలెక్క వారినికూడ సైన్యమున చేర్చుకొనెను. అప్పటినుండి సైనికునకు పొలమిచ్చువాడు సేనాని గాని దేశము కాదు. గణరాజ్యపు పతనమునకు ఇచ్చటనే బీజము పడినదని పెక్కురు చరిత్రకారుల అభిప్రాయము. పట్నపు బీదవాడు ఒక ధనికుని ఆశ్రయించి, తెల్లవారుజామున టోగా కట్టుకొని అతని వాకిట నిలుచుండి దండము పెట్టి వచ్చెడివాడు. సామ్రాజ్యకాలమున ఆ దండమునకు వెల నూరు క్వాడ్రాంటులు, అనగా ఆరుంబావు సెస్టెర్సులు.

మూడవ పట్టిక స్వేచ్ఛను గూర్చినది. అందు పేరు లేనివాడు బానిస. యుద్ధములో పట్టుబడినవారు, సముద్రపు దొంగలు అమ్మినవారు, దాసి కడుపున పుట్టినవారు ఈ వర్గము. వ్యవసాయమును గూర్చి గ్రంథము వ్రాసిన వర్రో పొలపు పనిముట్లను మూడు విధములుగా విడదీయుచు, బండి మాటలేని పనిముట్టనియు, ఎద్దు సగము గొంతు గలదనియు, బానిస మాటలాడు పనిముట్టనియు వర్ణించెను. ముసలి ఎద్దును, ముసలి బానిసను, జబ్బు బానిసను అమ్మివేయుమని కేటో తన గ్రంథమున సలహా నిచ్చినాడు. భార్యను ముద్దాడినవానిని శిక్షించిన కేటో ఇతడే. మూడువందల యేండ్లలోపున పుట్టిన ప్లూటార్కు ఈ సలహాను చదివి, తన పొలమున ముసలిదైన ఎద్దునైన తాను అట్లు అమ్మజాలనని వ్రాసెను. క్రీ. పూ. 73లో స్పార్టకస్ నాయకత్వమున లేచిన బానిసలు రెండేండ్లు ఇటలీని గడగడలాడించిరి. ఓడిన పిమ్మట పట్టుబడిన ఆరువేల మందిని కాపువానుండి రోము వరకు దారిప్రక్కన శిలువలపై కొట్టిరి.

భయము రెండువైపుల నుండెను. బానిసలకు ప్రత్యేకమైన దుస్తు లుండవలెనని ఒకప్పుడు సెనేటులో ప్రతిపాదన వచ్చెననియు, అట్లయినచో తామెంతమంది ఉన్నారో బానిసలు లెక్కపెట్టుకొందురని తోచి మానుకొనిరనియు సెనెకా చెప్పినాడు. క్రీ. శ. 61లో నగరరక్షకుడు పెడానియస్ సెకండస్ తన బానిస చేతిలో హతుడాయెను. యజమాని హత్య జరిగినచో ఆ కప్పుక్రింద నున్న బానిసలందరిని చంపవలెనన్నది పాత ఆచారము. ఆ యింట నాలుగువందల మంది యుండిరి. ఆడవారు, పసిపిల్లలు సహా. నగరమున సామాన్యజనము గుమికూడి, నిరపరాధులను చంపవలదని అల్లరి చేసిరి. సెనేటులో గేయస్ కాసియస్ అను ధర్మశాస్త్రవేత్త లేచి, ఇంతటి సమూహమును భయముచేతనే అదుపులో పెట్టవలెనని, గొప్ప దండనలలో కొంత అన్యాయము తప్పదని వాదించెను. అతని మాటయే నెగ్గెను. ప్రజలు రాళ్లు, కాగడాలు పట్టుకొని అడ్డగింపగా, నీరో చక్రవర్తి దారి పొడవునను సైనికులను నిలిపి ఆ నాలుగువందల మందిని వధ్యస్థానమునకు నడిపించెను. ఆనాటి అల్లరిలో పాల్గొన్నవారిలో ఎందరు బానిసల కుమారులో, మనుమలో! వధ్యులు వారికి పరాయివారు కారు.

ఏలయన రోమునందు బానిస పౌరుడు కావచ్చును. ఇతర పురాతన రాజ్యములలో విముక్తి పొందినవాడు సామాన్యముగా విదేశీయుడుగనే మిగిలెడివాడు. రోమను పౌరుడు విధ్యుక్తముగా విడిపించిన బానిస రోమను పౌరుడే. మరణశాసనములో వ్రాయవచ్చును, అధికారి యెదుట బెత్తముతో తాకించి విడువవచ్చును, లేదా యజమాని బానిసను సెన్సారు కడకు తీసికొనిపోయి పౌరుల పట్టికలో పేరు వ్రాయింపవచ్చును. లేఖకుని కలము కదలినంతనే ‘మాటలాడు పనిముట్టు’ మనిషి యగును! మాసిడోను రాజు ఐదవ ఫిలిప్పు క్రీ. పూ. 214లో లరీసా పట్టణమువారికి పంపిన ఉత్తరము శిలపై నేటికిని నిలిచియున్నది. రోమనులు బానిసలనుకూడ పౌరులుగా చేర్చుకొని బలము పెంచుకొనుచున్నారు, మీరును చూచి నేర్చుకొనుడని అందు హెచ్చరించినాడు. శత్రువు వ్రాసిన యోగ్యతాపత్ర మది.

ఇది దయ యని పొంగిపోవుటకు వీలులేదు. విడుదలకు ఆశ చూపి యజమాని ఎక్కువ పని తీసెడివాడు. వెల చెల్లించుకొనుమని బానిస కూడబెట్టిన పైసను పుచ్చుకొనెడివాడు. విడిచిన తరువాతను కొన్ని దినముల చాకిరి, జన్మాంతపు విధేయత కోరెడివాడు. ప్రభుత్వమునకు విడుదలపై నూటికి అయిదు పన్ను. పొలములలో, గనులలో సంకెళ్లతో పనిచేసినవారికి ఆ ఆశయును లేదు. విడుదలలు మితిమీరుచున్నవని తోచి క్రీ. పూ. 2లో చేసిన శాసనము మరణశాసనముద్వారా నూరుగురికంటె ఎక్కువ మందిని విడువరాదనెను. విముక్తుడు పౌరుడేయైనను పదవికి అర్హుడు కాడు. తెగల విషయమునను అంతే. క్రీ. పూ. 312లో సెన్సారైన అపియస్ క్లాడియస్ నగరపు సామాన్యజనమును అన్ని తెగలలోను పంచి వ్రాసెను. ఆ వోట్ల బలముతోనే ఫ్లేవియస్ గెలిచెనని లివీ మాట. 304లో వచ్చిన సెన్సారులు వారినందరిని మరల నాలుగు నగరపు తెగలలోనికి కుక్కిరి. ఒకడు వ్రాయుట, మరియొకడు కొట్టివేయుట!

అయినను విముక్తుని కుమారునకు తలుపు తెరిచియే యుండెను. కవి హొరేసు తండ్రి బానిసగా నుండి విముక్తుడై, వేలముపాటల సొమ్ము వసూలుచేయుచు, కుమారుని ఊరిబడిలో వేయక రోము తీసికొనిపోయి, తానే వెంటనుండి చదివించెను. హొరేసు అంతర్యుద్ధములో ఓడినపక్షమున నుండి ఆస్తి పోగొట్టుకొని, రాజ్యపు ధనాగారములో లేఖకుని ఉద్యోగము కొనుక్కొని, ఆ జీతముపై బ్రతుకుచు కవిత్వము చెప్పెను. లాటిను సాహిత్యమునకు శిఖరమైనవాడు ఖజానా గుమాస్తాగా నుండెనన్న సంగతి కచేరీలలో కవిత్వము వ్రాయువారికి ఊరట గలిగింపవచ్చును. తరువాత అగస్టసు చక్రవర్తి తన సొంత రాయసము చూడుమని పిలిచినప్పుడు హొరేసు మర్యాదగా తప్పించుకొనెను.

చక్రవర్తుల రాయసము చిత్రమైన స్థలము. సామ్రాజ్యము పెరిగినకొలది ఉత్తరములు, లెక్కలు, అర్జీలు కొండలుగా పేరుకొనెను. ఈ పనిని కులీనులకు ఈయ చక్రవర్తి భయపడెను; వారు సేవకునివలె పనిచేయుట అవమానమనుకొనిరి. కావున అది చక్రవర్తి ఇంటి బానిసలకును, విముక్తులకును దక్కెను. క్లాడియసు కాలమున (41–54) ఉత్తరముల శాఖ నార్సిసస్ చేతిలో, లెక్కల శాఖ పాలస్ చేతిలో, అర్జీల శాఖ కాలిస్టస్ చేతిలో నుండెను, మువ్వురును విముక్తులే. 43లో బ్రిటను దండయాత్రకు సైన్యము ఓడ లెక్కనని మొరాయించినప్పుడు నచ్చజెప్పుటకు నార్సిసస్ పోయి వేదిక యెక్కెను. ఒకప్పటి బానిస సేనాని స్థానమున నిలుచుట చూచి సైనికులు శాటర్నేలియా పండుగ కేక వేసిరి. ఆ పండుగనాడు బానిసలు యజమానుల దుస్తులు వేసికొందురు. నవ్వుతో కోపము తీరి, వారు ఓడ లెక్కిరి. 52లో సెనేటు పాలసునకు ఉన్నతాధికారి చిహ్నములను, కోటి యేబదిలక్షల సెస్టెర్సులను ఈయ తీర్మానించెను. అతడు గౌరవమును స్వీకరించి ధనమును నిరాకరించెను. అర్ధశతాబ్దము పిమ్మట చిన్న ప్లినీ రోడ్డుప్రక్క సమాధిపై ఈ సంగతి చెక్కియుండుట చూచి మండిపడి, అది నిజమేనాయని సెనేటు దస్తరములు వెదకించి చదివి, మరింత మండిపడెను. అర్ధశతాబ్దము గడచినను చల్లారనంతటి మంట. కాని ఆ అధికారము ఎరువుసొమ్ము. క్లాడియసు చనిపోయినంతనే నార్సిసస్ చావవలసివచ్చెను. పాలసును ఆస్తికొరకు నీరో చంపించెనని ప్రతీతి. హేడ్రియను నాటికి ఆ కుర్చీలు అశ్వికుల వశమాయెను. పని గౌరవప్రదమని తేలిన పిమ్మట పెద్దలు దానిని విడువలేదు.

విముక్తుల సాహసము మన సముద్రములవరకు వచ్చినది. ఎర్రసముద్రపు సుంకములను గుత్తకు తీసికొన్న అన్నియస్ ప్లోకామస్ అనువాని విముక్తుడొకడు అరేబియా చుట్టును ఓడలో తిరుగుచుండగా గాలి కొట్టివేసి, పదునైదవ నాటికి సింహళద్వీపమున పడవేసెను. అచ్చటి రాజు ఆతనిని ఆరు నెలలు ఆదరించెను. అతనివద్దనున్న దీనారముల బొమ్మలు వేరువేరు చక్రవర్తులవైనను తూకము మాత్రము ఒక్కటియే యగుట చూచి, రోమనుల నీతిని మెచ్చి, క్లాడియసు కడకు నలుగురు రాయబారులను పంపెనని పెద్ద ప్లినీ వ్రాసినాడు. ఈజిప్టులో సముద్రమునకు పోవు ఎడారి దారిలో ఒక రాతిపై ప్లోకామసు బానిసయైన లైసాస్ తాను అచ్చటికి వచ్చితినని క్రీ. శ. 6వ సంవత్సరపు జూలైలో చెక్కుకొనెను. ఆ గీతలు నేటికిని కలవు. నాగార్జునకొండ త్రవ్వకములలో దొరకిన రోమను బంగారు నాణెములు ఏ యే చేతులు మారి కృష్ణాతీరమునకు వచ్చెనో ఎవరు చెప్పగలరు? పెట్టుబడి అశ్వికునిదైనను, సముద్రపు గాలికి ఎదురు నిలిచినవారు ఇట్టి బానిసలును, విముక్తులునే.

క్రీ. శ. 212లో కారకల్లా చక్రవర్తి సామ్రాజ్యమునందలి స్వతంత్రులకు దాదాపు అందరికి పౌరసత్వ మిచ్చెను. ఫ్లేవియస్ కాలమునుండి జనులు ప్రాకులాడిన పట్టికలోనికి అందరి పేర్లును ఒక్కసారిగా చేరెను. చేరునప్పటికి ఆ పట్టికకు విలువ పోయెను. న్యాయస్థానములు అంతకుమున్నే మరియొక పట్టిక వ్రాసికొనియుండెను: ఘనులు, అల్పులు అని. సెనేటు వారు, అశ్వికులు, పట్టణసభల సభ్యులు, మాజీ సైనికులు ఘనులు; తక్కిన పౌరులందరును అల్పులు. ఒకే నేరమునకు ఘనునికి ప్రవాసము, అల్పునికి గని లేదా శిలువ. పూర్వము రోమను పౌరుడనని చెప్పినచో కొరడా ఆగెడిది, ఇప్పు డాగలేదు.

తరువాత పన్నులకొరకు మనుష్యులను స్థిరముగా లెక్కకట్టవలసి వచ్చెను. లెక్క చెదరకుండవలెనన్నచో మనిషి కదలరాదు. రొట్టెలు కాల్చువాని కొడుకు ఆ పనియే చేయవలెను, పడవవాని కొడుకు పడవయే నడుపవలెను, పట్టణసభ సభ్యుని కొడుకు ఇష్టమున్నను లేకున్నను ఆ కుర్చీలోనే కూర్చుండవలెను. కౌలురైతు పేరు ఏ కమతపు పట్టికలో నున్నదో వాడు ఆ కమతమును విడువరాదు. క్రీ. శ. 332లో కాన్‌స్టంటైను చక్రవర్తి, పారిపోయిన కౌలుదారుని పుట్టిన కమతమునకు పట్టి తెప్పింపవలెనని శాసించెను. పారిపోవ తలచుచున్నాడని తెలిసినంతమాత్రమున వానిని బానిసవలె ఇనుప సంకెళ్లతో బంధించి, స్వతంత్రుడు చేయవలసిన పనులను ఆ సంకెళ్లతోనే చేయింపవలెననియు అందు వ్రాయించెను. 212 నాటి శాసనము ప్రకారము ఆ కౌలుదారుడు రోమను పౌరుడే.